ఒక కార్డు, రెండు పిల్లులు

గుండీ మూడోసారి కక్కుకుంది. ఈసారి పసుప్పచ్చటి నురగ తప్ప ఏమీ రాలేదు.

బట్ట కత్తిరించే బల్ల కింద, పీలికల పక్కన, ఉండలా చుట్టుకుని పడుంది. ఆరు నెలల నల్లపిల్లి. ఛాతీ మీద సరిగ్గా చొక్కాగుండీ అంత తెల్లమచ్చ. దర్జీల ఇంట్లో పుట్టిన పిల్లికి అంతకన్నా పేరేం పెడతారు. దాని చెల్లెలికీ అలాంటి మచ్చే ఉంది కాబట్టి దానికి కాజా అని పెట్టారు. గుండీ కాజాలో ఇమిడినట్టు రెండూ ఒకదాని పొట్టలో ఒకటి తల దూర్చి పడుకునేవి. రెండు రోజుల నుంచీ గుండీ విడిగా పడుకుంటోంది.

కత్తెర నేల మీద మోకాళ్ళూని, తడిగుడ్డతో దాని మూతి తుడిచాడు.

కత్తెర అంటే పనిముట్టు కాదు, మనిషి. అన్నదమ్ముల్లో పెద్దవాడు బట్ట కత్తిరిస్తాడు, చిన్నవాడు కుడతాడు. అందుకని వీధి వీధంతా పెద్దవాణ్ణి కత్తెర అనీ, చిన్నవాణ్ణి సూది అనీ అంటుంది. ఒకడు విడదీస్తే ఒకడు కలుపుతాడు కదా అనుకునేరు. ఏడు నెలల కిందట ఒక కోటుకి ఎడమ చెయ్యి పొట్టిదయింది. తప్పు కత్తిరింపులో ఉందా, కుట్టులో ఉందా అన్నది తేలలేదు. కోటు తిరిగొచ్చింది గానీ అన్నదమ్ముల మధ్య మాట తిరిగి రాలేదు. కొట్టు నడిమధ్యన సుద్దతో గీత గీశారు. అటు అన్న, ఇటు తమ్ముడు. వంటింట్లో గిన్నెలు సగం సగం, మెట్ల కింద చోటు సగం సగం. పాత పిల్లి రెండు కూనల్ని పెడితే అవీ చెరొకటి. విడదీసే పనిలో సూది కత్తెరకి ఏమాత్రం తీసిపోలేదు.

తప్పనిసరై మాట్లాడాల్సి వస్తే పిల్లులతో మాట్లాడేవారు.

"కాజా," అన్నాడు కత్తెర, గీతకి అవతల బట్టల మూట మీద కూర్చున్న పిల్లిని చూస్తూ. "మీ ఇంటాయనకి చెప్పు. దారపు ముక్కలు కింద పారెయ్యొద్దని నీ చేత వందసార్లు చెప్పించాను. ఇవాళ ఒకటి దీని పేగుల్లో ఉంది."

సూది తలెత్తలేదు. మిషను మాత్రం ఒక్క క్షణం తడబడింది.

"గుండీ," అన్నాడు, "మీ ఆయనకి చెప్పు. నా దారం గీత దాటి రాదు. అటువైపు చీపురు ఎన్నాళ్ళయిందో కనుక్కోమను."

గుండీ ఎవరికీ ఏమీ చెప్పలేదు. దానికి తల ఎత్తే ఓపిక కూడా లేదు.

ఇదంతా మెట్ల మీద నిలబడి చిన్నకోడలు వింటోంది. అత్తమామలు పోయి పదేళ్ళయినా ఆ ఇంట్లో పెద్దకోడలు, చిన్నకోడలు అనే ఉద్యోగాలు పోలేదు. ఆమె సూది భార్య. చేతిలో బూడిద పళ్ళెం ఉంది, కక్కు మీద వెయ్యడానికి తెచ్చింది. వెయ్యకుండా అలాగే నిలబడింది. ఆ ఇంట్లో దారం సంగతి అందరూ మాట్లాడుతున్నారు. దారం కాదని తెలిసింది ఆమె ఒక్కదానికే.

సందు చివర లాండ్రీ ఆవిడ పెంచుకున్న మూడు కూనలు పోయిన వారం వరసగా పోయాయి. ఇలాగే కక్కుకుని, ఇలాగే నీళ్ళ గిన్నె మీద తల వాల్చి. రెండు టీకాలూ పడ్డ పాత పిల్లి ఒక్కటే మిగిలిందని ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ ఏడ్చింది. వింటున్న చిన్నకోడలికి అప్పుడే కాళ్ళ కింద నేల కదిలింది. వారం రోజులుగా కదులుతూనే ఉంది.

గుండీ కక్కుకుంటున్న ఈ రోజే పిల్లుల ఆసుపత్రిలో నెలకోసారి జరిగే ఆపరేషన్ల రోజు. ఆడపిల్లులకి కూనలు పుట్టకుండా తక్కువ డబ్బుకి ఆపరేషన్ చేస్తారు. గుండీ పేరున కత్తెర నెల కిందటే టోకెను తీసుకున్నాడు, ఏడో నంబరు. ముందు రాత్రి నుంచీ పిల్లికి తిండి పెట్టొద్దని టోకెను మీదే రాసి ఉంటుంది.

"రాత్రి నుంచి పస్తు ఉంచమన్నారు. ఇది రెండు రోజుల ముందు నుంచే పస్తుంది," అంది పెద్దకోడలు, బుట్టలో పాత తువ్వాలు పరుస్తూ. "ఈ ఇంట్లో చెప్పిన మాట వినేది ఇదొక్కటే."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వించడానికి అనలేదు.

టీకాల కార్డు కరెంటు మీటరు పక్కన మేకుకి వేలాడుతోంది. మేకు సరిగ్గా గీతకి పైన ఉంది. ఇంటికి ఒకటే కార్డు కాబట్టి అది ఎవరి వైపు ఉండాలన్న తగాదా రాకుండా సూదే అక్కడ మేకు కొట్టాడు. చిన్నకోడలు పళ్ళెం కింద పెట్టి, వెళ్ళి కార్డు అందుకుంది.

"నేనూ వస్తానక్కా," అంది.

ఈసారి మిషను పూర్తిగా ఆగింది. సూది భార్య వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

*

ఆసుపత్రి ఒక పాత గోడౌను. బయట బోర్డు మీద 'పిల్లుల ఆసుపత్రి' అని ఉండేది. 'ల్లు'కి ఉన్న కొమ్ము వానలకి కొట్టుకుపోయి పిల్లల ఆసుపత్రి అయింది. నెలకొకరైనా జ్వరం వచ్చిన పసివాణ్ణి భుజాన వేసుకొచ్చి, బెంచీల నిండా మియావ్‌లు విని, నోరు తెరుచుకుని నిలబడిపోయేవారు. నర్సమ్మ విసుక్కోకుండా వాళ్ళకి దారి చూపించేది. ఆవిడ దేనికీ విసుక్కునేది కాదు. అందుకే ఆ రోజు జరిగినది ఆవిడకి అంత తగిలింది.

తెల్లవారక ముందే ఇరవై మంది దాకా వచ్చి ఉన్నారు. బుట్టల్లో, దిండుగలీబుల్లో, అట్టపెట్టెల్లో పిల్లులు. ఒకాయన చిలక పంజరంలో తెచ్చాడు. లోపల కూర్చున్న పిల్లి తన హోదా మారిందని మూతి బిగించుకుని ఉంది.

గుమ్మం దగ్గరే నర్సమ్మ ఒక్కొక్కరినీ ఆపి అడుగుతోంది. కక్కుతున్న పిల్లి అయితే కార్డు చూపించాలి. టీకాలు పడకపోతే హాల్లోకి రానివ్వదు, చుట్టూ తిప్పి వెనక రేకుల గదికి పంపుతుంది. జబ్బు ఒకదాన్నుంచి ఒకదానికి ఎగబాకకుండా వాళ్ళు పెట్టుకున్న పద్ధతి అది. డాక్టరమ్మకి గుండెల్లో ఉన్న నమ్మకమంతా ఆ చిన్న అట్టముక్క మీదే.

చిన్నకోడలు కార్డు ఇచ్చింది.

మొదటి గడిలో ముద్ర. రెండో గడిలో ముద్ర. నర్సమ్మ రెండిటి మీదా వేలు ఆనించి, "రెండూ పడ్డాయి, బతికించారు, లోపలికి రండి," అంది.

చిన్నకోడలు నోరు తెరిచింది. వెనక నుంచి ఎవరో బుట్టతో నెట్టారు. నోరు మూసుకుంది. ముగ్గురూ హాల్లో కూర్చున్నారు. గుండీ బుట్ట కత్తెర ఒళ్ళో ఉంది. అటొక పిల్లి, ఇటొక పిల్లి.

పిలుపు వచ్చేసరికి ఎండ ఎక్కింది. డాక్టరమ్మ గుండీ నోరు తెరిచి నాలుక కింద చూసింది, దారం చుట్టుకుని ఉందేమోనని. లేదు. పొట్ట నొక్కింది. గుండీ కళ్ళు మూసుకుంది. ఇంట్లో ఏం పని చేస్తారని అడిగింది. దర్జీలమని కత్తెర చెప్పాడు. డాక్టరమ్మ తల ఊపింది. దర్జీల ఇళ్ళ నుంచి ఇలాంటివి ఏడాదికి నాలుగైనా వస్తాయట. దారం పేగుల్ని కుచ్చెళ్ళు పెట్టేస్తుందట. కార్డు తిప్పి చూసింది.

"టీకాలు పడి ఉండకపోతే నేను వేరే రకంగా అనుకునేదాన్ని," అంది. "పడ్డాయి కాబట్టి దారమే. కోసి చూద్దాం. ఆలస్యం చేస్తే పేగు తెగుతుంది. సంతకం పెట్టండి."

కత్తెర సంతకం పెట్టాడు. నర్సమ్మ ఆడవాళ్ళిద్దర్నీ బయట కూర్చోమంది. తలుపు మూసుకుంటుంటే లోపల వెంట్రుకలు గొరిగే మిషను సన్నగా రొద మొదలుపెట్టింది.

బెంచీ మీద తోటికోడళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఏడు నెలల్లో ఇంత దగ్గరగా కూర్చోలేదు. ఇక్కడ గీత గీసినవాళ్ళు లేరు.

"చూశావా, మీ బావగారి చెయ్యి వణికింది," అంది పెద్దకోడలు. "మా నాన్న ఆపరేషన్‌కి సంతకం పెట్టినప్పుడు ఇసుమంత వణకలేదు ఆ చెయ్యి. పిల్లి దగ్గరికొచ్చేసరికి సంతకం అడ్డదిడ్డంగా పోయింది. మా నాన్నకి తోక లేకపోవడం పెద్ద లోపమైపోయింది."

"అక్కా."

"ఊఁ."

"దాని కడుపులో దారం లేదు."

"నువ్వు మింగలేదంటే నమ్ముతాను. అది మింగలేదని నీకెలా తెలుసు?"

"రెండో టీకా దానికి పడలేదు."

పెద్దకోడలు సంచిలో రుమాలు కోసం చెయ్యి పెట్టింది. చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

"కార్డు మీద ముద్ర ఉందిగా."

"ఆ ముద్ర కాజాది. నేనే తీసుకొచ్చాను. పోయిన నెల తెచ్చింది ఇదే పిల్లేనా అని నర్సమ్మ అడిగింది. రెండిటికీ ఒకటే మచ్చ. ఇదే అన్నాను."

"ఎందుకన్నావు?"

చిన్నకోడలు చెప్పింది. గడపకి ఒక్క కార్డే ఇస్తారు, మందు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. కార్డు మీద గళ్ళు రెండున్నాయి. మొదటిది వాళ్ళు గుండీకి వేయించుకున్నారు, రెండోది మన వాటా, వెళ్ళి వేయించుకురా అని సూది చెప్పాడు. ఆమెకీ అది సబబుగానే తోచింది. గిన్నెలూ, గదులూ, మెట్ల కింద చోటూ అన్నీ అలాగే పంచుకున్నారు. టీకాలు మాత్రం రెండూ ఒక పిల్లికే వెయ్యాలని ఆ ఇంట్లో ఎవరికి తోస్తుంది.

మామూలుగా టీకా వెనకాలే తాత్పర్యం వస్తుంది. ఆ ఇంట్లో టీకా చెరొకరూ తీసుకున్నారు, తాత్పర్యం ఎవరూ తీసుకోలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు, ఇది తప్పని?"

"లాండ్రీ ఆవిడ కూనలు పోయినప్పట్నుంచి."

"వారం."

"రోజూ చెబుదామనే వచ్చేదాన్నక్కా. గీత దాకా వచ్చేదాన్ని."

లోపల మిషను రొద ఆగి, మళ్ళీ మొదలైంది. పెద్దకోడలు సంచిలోంచి చెయ్యి తీసింది. రుమాలు లేదు. కొంగుతోనే మొహం తుడుచుకుంది.

"నాకు చెబితే నేను తిడతాను," అంది. "తిట్టడానికి సాయంత్రం దాకా టైముంది. లేచి లోపలికెళ్ళు. కత్తి పడకముందు చెప్పు."

*

గుండీ పొట్ట సగం గొరిగి ఉంది. నల్లటి బొచ్చు కింద చర్మం ఇంత పల్చగా, ఇంత గులాబీగా ఉంటుందని చిన్నకోడలికి తెలియదు. పసిపిల్ల చెయ్యిలా ఉంది. ఆ పొట్ట చూశాక కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి.

"దీనికి ఒక్క టీకానే పడింది డాక్టరమ్మా," అంది. "రెండోది వేరే పిల్లికి వేయించాను. అబద్ధం చెప్పాను."

నర్సమ్మ చేతిలో మిషను అలాగే తిరుగుతోంది.

"నేను అడిగానమ్మా," అంది నర్సమ్మ. "ఇదే పిల్లేనా అని నిన్ను అడిగాను."

"అడిగారు."

"ఈ పిల్లిని పొద్దున్నించీ హాల్లో కూర్చోబెట్టాను."

"ఎవరు ఎవర్ని ఏమడిగారో తరవాత," అంది డాక్టరమ్మ. "ముందు ఆ మిషను ఆపు. అలమారలో పరీక్ష పలక ఉంటుంది చూడు, దూదిపుల్లతో సహా తీసుకురా."

దూదిపుల్లతో వెనకవైపు తుడిచి, ఒక చిన్న ప్లాస్టిక్ పలక మీద చుక్కలు వేశారు. ఒక గీత వస్తే లేదు, రెండు వస్తే ఉంది. పది నిమిషాలు ఆగాలి. పిల్లుల పార్వో అని డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. ఆ జబ్బుతో ఉన్న పిల్లిని మత్తిచ్చి కోసి ఉంటే బల్ల మీదే పోయేదనీ చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమె ఎవరి వైపూ చూడలేదు. ఆ మంచితనం చిన్నకోడలికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

కత్తెర బల్ల పక్కనే ఉన్నాడు. ఒక చెయ్యి గుండీ తల మీద ఉంది. ఒక్కటి మాత్రం అడిగాడు, ఒక టీకా అయినా పడింది కదా, దానికి బలం లేదా అని.

రెండు నెలల కూనకి తల్లిపాల బలం ఇంకా ఒంట్లో ఉంటుందట. మొదటి టీకాని ఆ బలమే తోసేస్తుంది. అది పూర్తిగా నిలవదు. అందుకే నెల తరవాత రెండోది. నిలబెట్టేది రెండోదే. డాక్టరమ్మ చెప్పినది కత్తెరకి ఎక్కిందో లేదోనని నర్సమ్మ సాయం పట్టింది.

"మీకు తెలిసిన మాటల్లో చెబుతాను," అంది. "మొదటిది టాకా. రెండోది కుట్టు."

కత్తెరకి అర్థమయింది. అవసరమైనదానికన్నా ఎక్కువే అర్థమయింది. మిషను కుట్టుకి ముందు చేత్తో పెద్ద పెద్ద టాకాలు వేసి, బట్ట నిలబడిందని నమ్మి ఒంటికి తొడిగితే ఏమవుతుందో ముప్పై ఏళ్ళుగా కుర్రాళ్ళని తిడుతూ చెబుతూ వచ్చినవాడు. టాకా వేసిన పిల్లిని అలాగే నాలుగు నెలలు లోకం మీదికి వదిలాడు.

చిన్నకోడలు తిట్ల కోసం నిలబడింది. ఎంత పెద్ద తిట్టు వచ్చినా పుచ్చుకోవడానికి సిద్ధంగా నిలబడింది.

"నాకు తెలుసమ్మా," అన్నాడు కత్తెర.

పెద్దకోడలు అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. ఆగిపోయింది.

"ఆ రోజు నువ్వు తువ్వాలులో చుట్టుకెళ్ళింది కాజాని. కొట్లోంచి చూశాను. గుండీ నా బల్ల మీదే ఉంది మరి. చూసి, సరే, మాది మేం తీసుకున్నాం, వాళ్ళది వాళ్ళు తీసుకున్నారు, సరిగ్గా సగం అనుకున్నాను. సంతోషించాను కూడా." గుండీ చెవి వెనక నిమిరాడు. "ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. రెండోది దేనికి వెయ్యాలని ఒక్క మాట. అడగలేదు."

ఎవరి తప్పో తెలిస్తే మోయడం కాస్త తేలిక. ఆయన ఆ తేలికని కూడా ఆమె దగ్గర్నుంచి లాగేసుకున్నాడు.

పలక మీద రెండో గీత వచ్చింది. ముందు లేతగా, ఉందా లేదా అన్నట్టు. తరవాత ఎవరూ కాదనలేనంతగా.

*

హాల్లో చెప్పాల్సిన బాధ్యత నర్సమ్మ మీద పడింది. ఆవిడ తలుపు తీసి, చేతులు కట్టుకుని నిలబడి, ఆపరేషన్లు ఇవాళ జరగవని చెప్పింది. హాలు కడిగి, మందు కొట్టి, ఆరబెట్టి, మళ్ళీ ఎప్పుడు తెరుస్తామో కబురు చేస్తామంది. టీకాలు పూర్తికాని కూనలుంటే రెండు వారాలు కనిపెట్టుకుని ఉండమంది. తిండి మానేస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దంది. ఎవరి వల్ల అన్నది చెప్పలేదు.

నెలంతా ఈ రోజు కోసం ఎదురుచూసినవాళ్ళు. ఒకరు పనికి సెలవు పెట్టి వచ్చారు, ఒకరు మూడు బస్సులు మారి వచ్చారు. వచ్చే నెలకి మా పిల్లికి మళ్ళీ కడుపొస్తుంది, ఆ కూనల్ని మీ బోర్డు కింద వదిలిపెడతాం, పిల్లల ఆసుపత్రేగా అని ఒకావిడ గొంతు పెంచింది. చిలక పంజరం ఆయన మాత్రం ఏమీ అనకుండా పంజరం తలుపు సరిగ్గా పడిందో లేదో చూసుకుని వెళ్ళిపోయాడు. చిన్నకోడలు తలుపు చాటున నిలబడి ఒక్కొక్క బుట్ట బయటికి పోవడం చూసింది. ఎన్నిటిలో కూనలున్నాయో చూడకూడదనుకుంటూనే చూసింది.

గుండీని వెనక రేకుల గదికి మార్చారు. ముందు కాలికి సెలైను పెట్టారు. బతకడానికి సగం అవకాశం అంది డాక్టరమ్మ. సగం అనే మాట ఆ ఇంటికి కొత్త కాదు. ఆ రోజు మాత్రం ఆ మాట ముగ్గురిలో ఎవరికీ మింగుడుపడలేదు.

కత్తెర ఒక స్టూలు లాక్కుని దాని పక్కనే కూర్చున్నాడు. దానితో మాట్లాడుతూ ఉన్నాడు. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పమనలేదు. బల్ల మీద స్కేలు ఎప్పుడు కింద పడేసిందో, ఎవరి లైనింగు గుడ్డలో పడుకుని వాళ్ళకి వెంట్రుకలతో సహా కోటు ఇప్పించిందో, అవన్నీ చెబుతున్నాడు. గుండీ చెవి రెండుసార్లు కదిలింది. పెద్దకోడలు గోడకి ఆనుకుని నిలబడింది. ఆవిడ నోట్లోంచి అంతసేపు ఒక్క ఛలోక్తి రాకపోవడం ఆయన పెళ్ళయ్యాక మొదటిసారి విన్నాడు.

మధ్యాహ్నం దాటాక గుండీ ఒళ్ళు చల్లబడడం మొదలెట్టింది. నర్సమ్మ సీసాల్లో వేడినీళ్ళు పోసి అటూ ఇటూ పెట్టింది. డాక్టరమ్మ రెండుసార్లు వచ్చి వెళ్ళింది. మూడోసారి వచ్చి, గుండె మీద గొట్టం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చాలాసేపు ఉంచింది. తరవాత సెలైను గొట్టానికున్న చక్రం తిప్పి ఆపేసింది.

గుండీ ఊడితే ఏముందండీ, ఇంకోటి కుడదాం అని ఎంతమందికో చెప్పినవాడు. కత్తెర దాని మీంచి చెయ్యి ఎత్తకుండా అలాగే కూర్చున్నాడు.

చిన్నకోడలు గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు. పెద్దకోడలు తిరిగి చూసింది. సాయంత్రం దాకా దాచిపెట్టుకున్న తిట్టు ఆవిడ పెదాల దాకా వచ్చినట్టే వచ్చింది. "వచ్చి చూడు," అంది అంతే. "నువ్వూ ఎత్తుకుని తిప్పినదానివేగా."

ఆమె వచ్చి చూసింది. ముట్టుకోవచ్చా అని అడగలేకపోయింది. ముట్టుకోలేదు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, గొంతు మార్చకుండా, ఆ రెండో పిల్లి సంగతి అడిగింది. ఎక్కడుంది. ఈ వారంలో ఈ రెండూ కలిసి తిరిగాయా. ఒకే గిన్నెలో తాగాయా.

పిల్లులకి సుద్దగీత అంటే ఏం తెలుస్తుంది. కలిసే తిరిగాయి.

దానికి పడిన ఒక్క టీకా మూడో నెలలో పడింది కాబట్టి నిలబడి ఉండొచ్చంది. ఉండకపోనూవచ్చంది. ఇంటికి ఇప్పుడే ఫోను చెయ్యండి, దాన్ని విడిగా గదిలో పెట్టమనండి, తింటోందా కనుక్కోండి అంది. చిన్నకోడలు ఫోను తీసి భర్త నంబరు నొక్కింది. అవతల ఎత్తిన చప్పుడు విని ఫోను చెవి నుంచి దించేసింది. కత్తెర చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చేసింది.

"నేనేరా," అన్నాడు.

అవతల మిషను చప్పుడు లేదు.

"గుండీ పోయింది."

అవతల ఏదో బల్ల జరుపుతున్న చప్పుడు ఆగింది. తరవాత సూది అడిగాడు. "దారమేనా అన్నయ్యా?"

కత్తెర జవాబు చెప్పేలోపలే అతను గబగబా చెప్పుకుపోయాడు. వీళ్ళు వెళ్ళినప్పట్నుంచీ మిషను ముట్టుకోలేదట. మోకాళ్ళ మీద నేలంతా వెతికాడట. తన వైపు, అన్న వైపు కూడా. మిషను కింద రెండు ముక్కలు దొరికాయట, జేబులో పెట్టుకున్నాడట, అవి నావే అన్నయ్యా, నల్లదారం నాదే అంటున్నాడు.

"దారం కాదురా," అన్నాడు కత్తెర. "నువ్వు కాదు. లేచి కూర్చో ముందు. కాజా ఎలా ఉంది?"

"ఇక్కడే ఉంది. మూట మీద."

"తిందా?"

గిన్నె జరిపిన చప్పుడు.

"పొద్దున పెట్టింది అలాగే ఉంది. గుండీ కనపడక బెంగేమో అనుకున్నాను."

ఫోనులోంచి ఆ మాట గదిలో అందరికీ వినపడింది. డాక్టరమ్మ సగం తుడుచుకున్న చేతులకి మళ్ళీ తొడుగులు వేసుకోవడం మొదలెట్టింది.

"తీసుకురా," అన్నాడు కత్తెర. "ఇప్పుడే."

"బుట్ట మీ దగ్గరుందిగా."

"చేతుల్లో తీసుకురా. గుండెకి ఆనించుకుని నడువు, పరిగెత్తకు, జడుసుకుంటుంది. నేను ఎదురొస్తాను. సగం దారిలో అందుకుంటాను."

ఫోను పెద్దకోడలి చేతిలో పెట్టి అప్పటికే గుమ్మం దాటబోయాడు. డాక్టరమ్మ అడ్డం వచ్చింది. ఆయన చొక్కా వైపు చూపించింది. ముందంతా గుండీ వెంట్రుకలే. మోచేతుల దాకా ఆ పిల్లి కక్కిన మరకలే.

"మీరు వెళ్ళకూడదు," అంది. "దాని దగ్గరికి మీరు అసలు వెళ్ళకూడదు."

కత్తెర గడప లోపలే నిలబడిపోయాడు. గోడౌను పక్క సందులోంచి వీధి చివరి మలుపు అక్కడికి కనిపిస్తుంది. చేతులు రెండూ ఒంటికి దూరంగా, తనవి కానట్టు, గాల్లో పట్టుకుని ఆ మలుపు వైపు చూస్తున్నాడు.